గుచ్చని పుల్ల

తోడల్లుడంటే గిట్టని మనుషులు లోకంలో కొల్లలు. అందులో వింతేమీ లేదు. కానీ పొద్దున్నే లేచి పళ్ళు తోముకున్నంత నియమంగా, ఒక్కపూట కూడా నాగా పెట్టకుండా తోడల్లుణ్ణి చూసి కుళ్ళుకునే మనిషి మాత్రం అరుదు. కళ్ళజోళ్ళాయన అలాంటి అరుదైన మనిషి.

కట్ట కింది వీధిలో ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఊళ్ళో సగం ముక్కుల మీద ఆయన బిగించిన అద్దాలే ఉంటాయి. మాట మెత్తన, చెయ్యి నిదానం. అద్దం తుడుస్తూ "ఇప్పుడు కింది వరస చదవండి" అంటున్న ఆ మనిషిని చూస్తే, కడుపులో అంత మంట పెట్టుకుని తిరుగుతున్నాడని ఎవరూ అనుకోరు. ఆ మంటకి కారణం ఆయన మరదలి మొగుడు, బడిలో డ్రిల్లు మాస్టారు.

డ్రిల్లు మాస్టారు పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చేదాకా అత్తవారింట్లో కళ్ళజోళ్ళాయన ఒక్కడే అల్లుడు. కిటికీ పక్క కుర్చీ ఆయనది, మొదటి కాఫీ ఆయనది, మామగారు చదువుతున్న పేపర్లోంచి మధ్య కాయితం లాక్కునే హక్కు ఆయనది. వీడొచ్చాక కూడా కుర్చీ అలాగే ఉంది, కాఫీ అలాగే వస్తోంది, కాయితమూ దొరుకుతోంది. కానీ ఇంట్లో నవ్వులన్నీ వంటింటి వైపు తరలిపోయాయి. వీడు కుర్చీలో కూర్చునే రకం కాదు మరి. వంటింటి గట్టెక్కి కూర్చుని అత్తగారు కూర ముక్కలు తరుగుతుంటే తరిగినవి తరిగినట్టు నోట్లో వేసుకుంటాడు. ఆవిడ చేతి మీద ఒకటిస్తుంది. ఇచ్చి, తనే ఇంకో ముక్క అందిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ మండే విషయం వేరే ఉంది. మామగారు పెద్దల్లుణ్ణి "అల్లుడుగారూ, మీరు" అంటారు. చిన్నవాణ్ణి "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు" అంటారు. మర్యాదంతా తనకే దక్కిందని మొదట్లో కళ్ళజోళ్ళాయన పొంగిపోయాడు. పోనుపోను తెలిసొచ్చింది, అది గుమ్మం దగ్గరే నిలబెట్టే మర్యాద అని. షాపుకొచ్చిన కొత్త గిరాకీని తనూ అలాగే "మీరు, మీరు" అంటాడు.

ఇక కట్ట సంగతి. మామగారు ఒకప్పుడు రోడ్ల కాంట్రాక్టరు. రెండు మిట్టల మధ్య పారే వాగుకి అడ్డంగా, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళని కూడగట్టి, మట్టి పోయించి, తన రోలర్లతో తొక్కించి ఆ కట్ట వేయించారు. అది సర్కారుది కాదు, ఏ కంపెనీదీ కాదు. చెరువు చుట్టూ ఇల్లున్న ప్రతివాడిదీ. ఆ నీళ్ళు ఏ పొలానికీ పోవు, ఏ కుళాయిలోకీ రావు. ఈత కొట్టడానికి, పడవలు నడపడానికి, గాలం పట్టుకుని కూర్చుని చేపలకంటే ఎక్కువ కునుకులు పట్టడానికి, అంతే.

ఆటకోసం కట్టుకున్నదైనా మట్టికట్ట మట్టికట్టే. ఇటుక లేదు, సిమెంటు లేదు. పైన గడ్డి, లోపల మట్టి, అవతల నీళ్ళు. కట్ట తెగేముందు అడుగున ఎక్కడో ఒకచోట చెమ్మ చూపిస్తుందని, ఆ చెమ్మని చూసేవాడు ఉండాలని మామగారు సంఘం పెట్టిన రోజే చెప్పారు. అందుకని ప్రతి ఇంట్లో తలుపు వెనక, గొడుగుల పక్కన, ఎర్రగుడ్డ కట్టిన పుల్ల ఒకటి ఉంటుంది. కట్ట మీద చెమ్మ కనపడినా, ఎలుక బొరియ కనపడినా, పగులు కనపడినా అక్కడ పుల్ల గుచ్చి ఆయనకి కబురు పెట్టాలి. "ముందు గుచ్చు, తర్వాత మాట్లాడు" అన్నది ఆయన చేసిన చట్టం. పుల్ల ఉన్నచోటు గురించి మిగతావాళ్ళు బెంగపడక్కర్లేదు. పుల్ల లేకపోతే చూసినవాడిదే పూచీ.

ఊళ్ళో పుల్లలన్నిట్లోకీ బాగా అరిగింది కళ్ళజోళ్ళాయన ఇంటిది. ఎన్నో ఏళ్ళుగా కట్ట మీద గడ్డి కోసేది ఆయనే. సెలవురోజు మిషను తోసుకుంటూ ఆ చివర్నించి ఈ చివరిదాకా నడిచి, బొరియలు వెతికి, మొలిచిన చెట్టు మొక్కల్ని వేళ్ళతో సహా పీకి ఇంటికి వచ్చేసరికి ఆయన చెవుల్లో ఇంకా మిషను తిరుగుతూ ఉండేది. ఎవరైనా బాగుందన్నారా? కోసిన గడ్డిని ఎవరు చూస్తారు? డ్రిల్లు మాస్టారు వచ్చిన మొదటి వేసవిలోనే చెరువు మధ్యన పీపాల మీద తేలే ఒక చెక్కల తిన్నె కట్టి, దానికి నీళ్ళలోకి దూకే పలక ఒకటి బిగించాడు. ఊరు ఊరంతా ఎగబడింది. ఆఖరికి తన సొంత కూతురు కూడా తడి జుట్టుతో ఇంటికొచ్చి, "నాన్నా, బాబాయి నాకు వెల్లకిలా ఈత నేర్పించాడు తెలుసా!" అంటే, కళ్ళజోళ్ళాయన తువ్వాలు ఆ పిల్ల ముఖానికేసి విసిరాడు. ఎందుకు విసిరాడో దానికి అర్థం కాలేదు.

ఆ వేసవి మొదట్లోనే మామగారు భోజనాల దగ్గర ఒక మాట అన్నారు.

"నా మోకాళ్ళు ఇంక కట్ట దిగనివ్వట్లేదు. పడవ పందేల రోజున తూము చక్రం ఎవరికైనా అప్పగించేస్తాను."

తూము చక్రమంటే తూము తలుపు ఎత్తే ఇనుప చక్రం. ఎవడుపడితే వాడు తిప్పకుండా దాన్ని ఊడదీసి మామగారి ముందుగదిలో మేకుకి తగిలిస్తారు. అది ఎవరి గోడ మీద ఉంటే కట్ట వాళ్ళ చేతిలో ఉన్నట్టు. కళ్ళజోళ్ళాయన తమ హాల్లో గడియారం పక్కన ఒక మేకు ఎప్పుడో కొట్టుకుని ఉంచుకున్నాడు. భార్య అడిగితే కేలెండరుకి అన్నాడు.

"అందాకా," మామగారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "ఒరేయ్ అబ్బాయ్, ఈ ఏడు కట్ట నువ్వు చూడు. అల్లుడుగారూ, మీరు చాలా ఏళ్ళు కష్టపడ్డారు. షాపు కూడా ఉందాయె. ఈ ఏడాది మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నారు.

విశ్రాంతి! ఆ మాట కళ్ళజోళ్ళాయన గొంతులో ముద్దకి అడ్డం పడింది. ఇంటికొస్తూ దారిలో దొరికిన రాయినల్లా కాలితో తన్నాడు.

"ఎందుకండీ అలా ముఖం మాడ్చుకుంటారు? గడ్డి కోసే పని తప్పిందని సంతోషించక!" అందావిడ.

"నాకేం? నేను సంతోషంగానే ఉన్నాను."

"కనపడుతూనే ఉంది. మిమ్మల్ని చూస్తే పాలు విరిగేలా ఉన్నాయి."

తర్వాత కొన్నాళ్ళకి, కుర్రాళ్ళు పందెం పడవలకి రంగులు వేస్తున్న రోజుల్లో, కళ్ళజోళ్ళాయన షాపు మూసి కట్ట అడుగు దారిన ఇంటికి వెళుతున్నాడు. పై దారి దగ్గరే. కానీ పైనుంచి వెళితే చెరువు కనపడుతుంది, చెరువులో తిన్నె కనపడుతుంది, తిన్నె మీద వాడు కనపడతాడు. కింది దారిలో ఆ బాధ లేదు. కట్ట మధ్యకి వచ్చేసరికి కాలికింద మెత్తగా తగిలింది. చుట్టూ గడ్డి ఎండి ఉంటే, అక్కడ చాపంత మేర మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది. వంగి అరచెయ్యి ఆనించాడు. చెమ్మ. వేలితో గుచ్చితే సన్నగా నీరు ఊరింది. తేటగా ఉంది.

గబగబా ఇంటికి వెళ్ళాడు. తలుపు వెనక చెయ్యి పెట్టి పుల్ల అందుకున్నాడు. అందుకుని ఆగిపోయాడు.

ఇప్పుడు కట్ట ఎవరిది? డ్రిల్లు మాస్టారిది. రోజూ పొద్దున ఈల వేసుకుంటూ కట్ట పైన పరిగెత్తేది వాడు. మెచ్చుకోళ్ళు వాడివి. మరి వాణ్ణే చూడనీ. చూడకపోతే? చూడకపోతే ఇంకా మంచిది. పందేల రోజున, అందరి ముందూ, మామగారు చక్రం చేతిలోకి తీసుకునే సమయానికి తను నెమ్మదిగా లేచి, "మామయ్యగారూ, ఒక్కసారి కట్ట కిందికి వస్తారా?" అంటాడు. అక్కడ పుల్ల గుచ్చుతాడు. ఒక్క మాట మాట్లాడడు. ఆ తర్వాత మాట్లాడాల్సింది మిగతావాళ్ళు. ఆ దృశ్యం తలుచుకుంటే కళ్ళజోళ్ళాయనకి లోపల చల్లగా అయింది. పుల్లని మళ్ళీ తలుపు వెనక పెట్టేశాడు.

అలా అని ఆయన రాక్షసుడేం కాదు. తేటనీరు ఊరితే కనిపెట్టుకుని ఉంటే చాలు, మట్టినీరు వస్తేనే ప్రమాదం, ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. అందుకని రోజూ వెళ్ళి చూశాడు. సాయంత్రం షాపు మూయగానే వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ పచ్చటి చాప ముందు నిలబడేవాడు. తేటగానే ఉంది, ఫరవాలేదు అనుకునేవాడు. అది కొంచెం పెద్దదయింది. ఆ రోజు "పెరిగింది" అనుకున్నప్పుడు మనసులో చటుక్కున మెదిలింది భయం కాదు, సంతోషం. అది తెలిసి తనకే సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన పుల్ల తెచ్చాడా? తేలేదు.

రొట్టెల దుకాణం ఆవిడ ఒకరోజు పొయ్యి బూడిద పారబొయ్యడానికి వచ్చి ఆయన్ని చూసింది. ఆవిడ దుకాణం సరిగ్గా కట్టకి ఎదురుగా ఉంటుంది.

"ఏమిటండీ, రోజూ ఇక్కడే కనపడుతున్నారు?"

"ఊరికే. గాలికి."

"మీరు చూస్తున్నారుగా, నాకు నిశ్చింత. మొన్న నా కాలికీ తడి తగిలింది. పుల్ల తెద్దామనుకున్నాను. పెద్దల్లుడుగారే నిలబడ్డారు, ఇంక నా పుల్లెందుకని ఊరుకున్నాను."

కళ్ళజోళ్ళాయన నవ్వాడు. ఆ నవ్వులో గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు. ఇంతమంది తనని గమనించారన్నమాట. ఆవిడ అన్నదాంట్లో ఉన్న అసలు ముల్లు ఆయనకి ఆ పూట గుచ్చుకోలేదు.

డ్రిల్లు మాస్టారు కూడా అప్పుడప్పుడు కట్ట పైన ఆగి, కింద నిలబడ్డ తోడల్లుణ్ణి చూసేవాడు. చెయ్యి ఊపేవాడు. ఒకట్రెండుసార్లు దిగబోయినట్టే దిగబోయి, ఎందుకో వెనక్కి తగ్గి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. చూశావా, కింద అడుగు పెట్టడానికి బద్ధకం వీడికి! కళ్ళజోళ్ళాయన ఇలాంటివన్నీ ఒక్కటీ వదలకుండా మనసులో పోగేసుకున్నాడు.

పందేల రోజు రానే వచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కళ్ళజోళ్ళాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో నల్లగొడుగు పట్టుకుని బయల్దేరాడు.

"ఇంత ఎండలో వాన గొడుగెందుకండీ?" అంది భార్య.

"ఎండకే."

"ఎండకైతే విప్పాలిగా?"

విప్పితే పుల్ల కింద పడుతుంది. ఎర్రగుడ్డ బయటికి కనపడకుండా గొడుగు మడతల్లో దాన్ని ఎంత జాగ్రత్తగా చుట్టాడో! ఆయన చరచరా ముందు నడిచాడు.

చెరువు గట్టున ఊరంతా ఉంది. అవతలి ఒడ్డున పడవలు వరస కట్టాయి. తన కూతురు బాబాయి జట్టులో ఎర్రటోపీ పెట్టుకుని తెడ్డు పట్టుకుంది. మామగారు కుర్చీలో, కాళ్ళ దగ్గర ఇనుప చక్రం. దానికి ఎవరో నూనె రాసి మెరిపించారు. డ్రిల్లు మాస్టారు మెడలో విజిలు వేసుకుని ఇటూ అటూ పరిగెడుతుంటే జనం వాడి పేరు చెప్పుకుని చప్పట్లు కొడుతున్నారు. కొట్టండి, కొట్టండి, ఇంకాసేపే అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. ఒక్కసారి చోటు చూసుకుని వద్దామని కట్ట దిగాడు.

చాప మధ్యలో చిన్న పుట్ట లేచి ఉంది. దోసెడంత మెత్తటి ఇసక, దాని నడినెత్తిన బెజ్జం, బెజ్జంలోంచి నీళ్ళు. తేటగా లేవు. పాలెక్కువైన టీ రంగులో, బుడబుడమని పొంగుతున్నాయి. కట్ట లోపలి మట్టి కడుపులోంచి కొట్టుకొస్తోంది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. రొట్టెల దుకాణం. దాని పక్కన తన షాపు. వీధిలో అరుగు మీద ఎవరి ముసలమ్మో పందేలకి రాలేక గోడకి ఆనుకుని కూర్చుంది. కట్ట అవతల నీళ్ళ మీద ఎర్రటోపీలో తన పిల్ల.

ఇంక కళ్ళజోళ్ళాయన పరిగెత్తాడు. ఆ మనిషి పరిగెత్తడం ఊరివాళ్ళు అంతకుముందు చూడలేదు. చొక్కా బయటికొచ్చింది, కళ్ళజోడు జారి తాడుకి వేలాడింది, గొడుగు మాత్రం వదల్లేదు. గట్టెక్కి నేరుగా ఎవరి దగ్గరికి వెళ్ళాడు? మామగారి దగ్గరికి కాదు. డ్రిల్లు మాస్టారి చొక్కా పట్టుకున్నాడు.

"ఊట... కింద... మట్టినీళ్ళొస్తున్నాయి!"

డ్రిల్లు మాస్టారి ముఖంలో రంగు పోయింది. "ఆ పచ్చగడ్డి దగ్గరేనా? మొన్నటిదాకా తేటగానే ఉందిగా అన్నయ్యా?"

"నీకు... నీకు తెలుసా?"

"తెలియకపోవడమేం? మీరు రోజూ చూస్తున్నారుగా. మీరు కనిపెట్టుకుని ఉంటే మధ్యలో నేను వేలు పెట్టడమెందుకని... మీకు కోపమొస్తుందని..."

ఆ మాట పూర్తవకుండానే వాడు విజిలు అందుకున్నాడు. రొట్టెల ఆవిడ మాటలో ముల్లు అప్పుడు కళ్ళజోళ్ళాయనకి దిగింది. ఊరంతా చూసింది. చూసిన ప్రతివాళ్ళూ తను నిలబడ్డాడు కదా అని నిశ్చింతగా ఇంటికెళ్ళారు. తను అక్కడ నిలబడకుండా ఉంటే ఈపాటికి ఎన్ని పుల్లలు గుచ్చి ఉండేవో!

తర్వాత జరిగిందంతా ఉరుకులు పరుగులే. పడవలన్నీ ఒడ్డుకి. కింది వీధిలో ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని మిట్టెక్కించారు. ముసలమ్మని కుర్చీతో సహా మోసుకొచ్చారు. తోడల్లుళ్ళిద్దరూ చక్రం మోసుకెళ్ళి తూము కడ్డీకి తగిలించి, ఎదురెదురుగా నిలబడి తిప్పారు. అది బిర్రబిగుసుకుని ఉంది. "ఇంకొంచెం అన్నయ్యా!" "తిప్పు తిప్పు, మాట్లాడకు!" అరచేతులు బొబ్బలెక్కాక తలుపు కదిలి, కట్ట కింద గొట్టంలోంచి నీళ్ళు హోరుమని వాగులోకి దూకాయి. మామగారు మోకాళ్ళ సంగతి మరిచి కట్ట సగం దిగి అరుస్తున్నారు: "ఆ బెజ్జం మీద మట్టి పొయ్యకండి! ఇసకా, దాని మీద కంకరా పొయ్యండి! నీళ్ళు పోతే పోనీ, మట్టి పోకూడదు!"

రాత్రంతా తూము పారింది. తెల్లారేసరికి ఊట సన్నబడి తేటపడింది, మధ్యాహ్నానికి ఆగిపోయింది. కట్ట నిలిచింది. చెరువు మాత్రం లేదు. అడుగున బురద, బురదలో ఎన్నేళ్ళవో చెప్పులూ తెడ్లూ. నడిమధ్యన డ్రిల్లు మాస్టారి తిన్నె ఒక పక్కకి ఒరిగి, దాని పలక బురదకేసి చూస్తూ ఉంది. అది చూడగానే కళ్ళజోళ్ళాయనకి కాస్త హాయిగా అనిపించింది. ఇంత జరిగాక కూడా! ఛీ అనుకున్నాడు. అయినా ఇంకోసారి చూశాడు.

సాయంత్రం మామగారి ముందుగది జనంతో నిండిపోయింది. సంఘం వాళ్ళు, కింది వీధివాళ్ళు, ఇంటివాళ్ళు. అందరి నోటా పెద్దల్లుడే.

"ఆయన చూడబట్టి బతికిపోయాం."

"ఆ పరుగు చూశారా? పందెం ఏదైనా ఉందంటే అదే!"

రొట్టెల ఆవిడ ఏడ్చి ఆయన చేతులు పట్టుకుంది. ఇన్నేళ్ళు ఏ మాట కోసం కడుపు మాడ్చుకున్నాడో ఆ మాట గదంతా మారుమోగుతోంది. మూలన తన గొడుగు గోడకి ఆనుకుని ఉంది. కళ్ళజోళ్ళాయన దానివైపు చూడకుండా జాగ్రత్తపడుతున్నాడు.

మామగారు చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, "అల్లుడుగారూ, మీరు దాన్ని ఎప్పుడు చూశారు?" అని అడిగారు.

కళ్ళజోళ్ళాయన నోరు తెరిచాడు. ఈలోపల డ్రిల్లు మాస్టారు గుమ్మం దగ్గర్నుంచి అందుకున్నాడు. "నిన్ననే మామయ్యా. అన్నయ్య చూడగానే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. నేనే పైపైన తిరిగి గమనించలేదు. తప్పు నాది."

మామగారు తల పంకించి, చక్రాన్ని రెండు చేతులా ఎత్తి పెద్దల్లుడి వైపు చాచారు.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆ క్షణంలో కళ్ళజోళ్ళాయనలో లేచింది పశ్చాత్తాపం కాదు. అసూయే. పాదాల్నుంచి నడినెత్తిదాకా ఒక్క మంట. వీడు! నింద నెత్తినేసుకుని, చక్రం దానం చేసి, ఎంత దర్జాగా నిలబడ్డాడో! ఇది తీసుకుంటే గడియారం పక్కన తగిలించుకుని రోజూ దాన్ని చూసినప్పుడల్లా ఏమనుకోవాలి? డ్రిల్లు మాస్టారి దయ అనా? ఈతలో వాడే, నవ్వులో వాడే, ఆఖరికి మంచితనంలో కూడా వాడేనా ముందు? చస్తే వీల్లేదు.

"అబద్ధం!" అని అరిచాడు. మెత్తటి మనిషి అరిచేసరికి రొట్టెల ఆవిడ ఉలిక్కిపడింది. "నిన్న కాదు. పడవలకి రంగులు వేస్తున్నప్పుడే చూశాను. రోజూ చూశాను. కావాలనే పుల్ల గుచ్చలేదు. కట్ట ఇతని చేతిలో ఉంది, ఇతని పరువు పోనీ అని గుచ్చలేదు. నిన్న అందరి ముందూ గుచ్చి చూపిద్దామనుకున్నాను."

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూతురు తల్లి వెనక నుంచి తండ్రిని చూసింది. ఆ చూపుకి ఆయన తల వంచుకున్నాడు.

మామగారు చక్రాన్ని మెల్లగా ఒళ్ళోకి దించారు.

"ఒరేయ్," అన్నారు. ఆ పిలుపు చిన్నవాడికనుకుని కళ్ళజోళ్ళాయన పక్కకి చూశాడు. కాదు, మామగారి చూపు తన మీదే ఉంది. "ఒరేయ్, నువ్వా? గడ్డి కోసీ కోసీ ఆ కట్టని అద్దంలా ఉంచినవాడివి... నువ్వు చేసే పనేనట్రా ఇది? నీ పుల్ల ఏది?"

ఎన్నాళ్ళుగానో ఆ "నువ్వు" కోసం మొహం వాచిపోయిన మనిషి, అది ఇలా వచ్చి తగిలేసరికి కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోయాడు. మూలకి వెళ్ళి గొడుగు విప్పాడు. ఎర్రగుడ్డ పుల్ల నేలమీద పడింది. నిన్నటి హడావుడిలో కూడా దాన్ని గుచ్చలేదని అప్పుడే ఆయనకి గుర్తొచ్చింది.

"నువ్వు?" మామగారు చిన్నల్లుడి వైపు తిరిగారు. "నీకు నిజంగా కనపడలేదా?"

డ్రిల్లు మాస్టారు నీళ్ళు నమిలాడు. "కనపడింది మామయ్యా. అన్నయ్య నిలబడి ఉన్నారని... నేను వేలు పెడితే కోపమొస్తుందని..."

"మనిషి నిలబడితే పుల్ల గుచ్చినట్టట్రా? అన్నయ్యకి కోపమొస్తుందని వీడూ, తమ్ముడికి పేరొస్తుందని వాడూ! మధ్యలో ఊరు కొట్టుకుపోవాలా?" ఆయన చక్రాన్ని ఎత్తి పెద్దకూతురి చేతుల్లో పెట్టారు. "పట్టుకో అమ్మాయ్. నీకు ఎవర్ని చూసీ కుళ్ళు లేదు, ఎవరన్నా భయమూ లేదు. మీరిద్దరూ పొండి. ముందు చెయ్యాల్సిన పని ఇప్పుడన్నా చెయ్యండి."

ఆవిడ ఆ బరువుని చంకనేసుకుని మొగుడి వైపు చూసింది. "మేకు ఉందిగా, కేలెండరుది," అంది. ఇంకేమీ అనలేదు.

తోడల్లుళ్ళిద్దరూ చెరో పుల్లా పట్టుకుని కట్ట దిగారు. కంకర కుప్ప చుట్టూ నేల ఇంకా చిత్తడిగా ఉంది.

"ముందు మీరు గుచ్చండి అన్నయ్యా."

"ఎందుకు? ముందు చూసింది నేననా?"

డ్రిల్లు మాస్టారు చేతిలో పుల్లని ఒకసారి తిప్పి చూశాడు. "కాదన్నయ్యా. ముందు చూసింది నేనే. పుల్ల కోసం ఇంటికి పరిగెత్తి, తీసుకుని వచ్చేసరికి మీరు ఇక్కడ వంగి చెయ్యి ఆనించి ఉన్నారు. అప్పుడు కట్ట మీద ఉన్నాను నేను, ఈ పుల్లతోనే. పెద్దవారు, ఇన్నేళ్ళు చూసినవారు, మీ చేతి మీదుగా జరగనీ అనుకుని వెనక్కి వెళ్ళిపోయాను."

కళ్ళజోళ్ళాయన ఆ పుల్లని చూశాడు, దాన్ని పట్టుకున్న బొబ్బల చేతిని చూశాడు. ఇందులో కూడా వాడే ముందు. పుల్ల కూడా తెచ్చాడు. తను అక్కడ లేకపోతే గుచ్చేసేవాడు. నవ్వాలో ఏడవాలో తెలియక, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"గుచ్చు," అన్నాడు. "నాతోపాటే గుచ్చు. ఇంకెప్పుడూ నా కోసం ఆగకు."

ఇద్దరూ వంగి గుచ్చారు. డ్రిల్లు మాస్టారి పుల్ల నిటారుగా నిలబడింది. ఆయనది పక్కకి వాలింది. కళ్ళజోళ్ళాయన రెండింటినీ ఒకసారి చూసి, మోకాలు బురదలో ఆనించి, తన పుల్లని ఇంకొంచెం లోపలికి నొక్కాడు.